ఎ-సెక్షను హైడ్రాంజియా

పిల్లల బుర్రలో ఏముందో తెలుసుకోడానికి మనుషులు ఇన్నాళ్ళూ పలకలూ బలపాలూ పరీక్ష కాగితాలూ అనవసరంగా తగలేసేరు. అసలు సంగతంతా తల్లి పెంచే మొక్క ఆకుల్లో ఉంటుందని ఈ సంవత్సరం మా అమలాపురంలో, మా పాప చదివే ఇంగ్లీషు మీడియం బళ్ళో కనిపెట్టేరు. కనిపెట్టినవారు మాధవీలత మేడం గారు. ఆవిడ హోదా ‘పత్ర ఆరోగ్య మరియు మాతృ శ్రద్ధ సమన్వయకర్త’. (అంతకుముందు ఆవిడ బడి బస్సుల సంగతి చూసేవారు.)

పథకం చాలా సులువు. ఎల్‌కేజీ పిల్లల తల్లులకి తలొక కుండీలో హైడ్రాంజియా అనే సీమ పూలమొక్క ఇస్తారు. తల్లి దాన్ని పెంచాలి. వారం వారం ఆకుల ఫోటో తీసి బడివారి యాప్‌లో పెట్టాలి. యాప్ ఆకుని చూసి తల్లికి మార్కులేస్తుంది. ఆ మార్కుల్ని బట్టి బిడ్డ యూకేజీలో ఎ-సెక్షనుకి వెళ్తుందో బి-సెక్షనుకి వెళ్తుందో తేలుతుంది. ఎ-సెక్షనుకి మేడమీద గదీ, తిరిగే ఫ్యాన్లూ, ఏడాది మధ్యలో మానెయ్యని టీచరమ్మా ఉంటాయి. బి-సెక్షనుకి జనరేటరు పక్కన రేకుల షెడ్డు. నేను పదో తరగతితో ఆగిపోయిన మనిషిని. మా కావ్య రేకుల కింద మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందోనని సర్క్యులర్ చదివిన రోజునుంచీ నాకు ముద్ద దిగలేదు.

హైడ్రాంజియా ఎందుకండీ, కొబ్బరిమొక్కో అరటిపిలకో ఇవ్వచ్చు కదా అని మీటింగులో ఒకావిడ అడిగేరు. మేడం గారు జాలిగా నవ్వేరు. కోనసీమలో ఏది పాతినా బతికేస్తుందిట. బతికేసే మొక్కని పెంచితే తల్లి శ్రద్ధ ఏం తెలుస్తుంది? చచ్చిపోడానికి అవకాశం ఉన్న మొక్కయితేనే కొలత సరిగ్గా వస్తుందిట. హైడ్రాంజియాకి చల్లటి కొండలు ఇష్టం. (మన దగ్గర కొండలు లేకపోవడాన్ని ప్రస్తుతానికి తల్లుల తప్పు కింద లెక్కెయ్యరు.)

మా పక్కింటి ప్రసన్నక్క కాలేజీలో బోటనీ చెబుతారు. వాళ్ళబ్బాయిదీ మా కావ్యదీ ఒకటే తరగతి కాబట్టి ఆవిడకీ ఒక కుండీ వచ్చింది. పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడ పడేచోట, ఎవరి తూర్పు అరుగుమీద వాళ్ళకి, తన కుండీనీ నా కుండీనీ పెట్టించేరు. బోరునీళ్ళలో సున్నం ఎక్కువ, ఈనెలు పచ్చగా ఉండి ఆకంతా పసుపెక్కిపోతుంది, వాననీళ్ళు పట్టి పొయ్యమన్నారు. మధ్యాహ్నం ఆకులు వేలాడిపోతే మాత్రం కంగారుపడద్దన్నారు.

“ఎండకి తల వాలుస్తుందంతే దుర్గా. చల్లబడితే అదే లేస్తుంది. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యి.”

చాలా మంచి సలహా. కాకపోతే యాప్ మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటిదాకా మాత్రమే తెరుచుకుంటుంది. (సాయంత్రాలు సర్వరు విశ్రాంతి తీసుకుంటుందని సర్క్యులర్‌లో ఉంది. పనిచేసేదానికి విశ్రాంతి ఉండాలి కదా, తల్లులంటే వేరు.) అంచేత మా ఊళ్ళో ఏ హైడ్రాంజియా అయినా ఫోటోలో కూలబడే ఉంటుంది.

ఫోటో తీసుకునేముందు యాప్ ఒక్క ప్రశ్న అడుగుతుంది. తల్లి ఎంతవరకు చదువుకుంది? ఆకు జబ్బుకీ దీనికీ సంబంధం ఏంటో నాకు తెలీదు, నేను పదితో ఆగిపోయేను కదండీ. ‘పదవ తరగతి’ అన్నచోట నొక్కేను. ‘ఆకులు వాలుట. కారణం: అవగాహన లేమి. నీరు పోయండి’ అని వచ్చింది. అక్క మాట పక్కనపెట్టి, యాప్ కదా అని పోసేను. పై వారానికి కింద ఆకులు పసుపెక్కేయి. ‘నీరు అధికం. కారణం: అవగాహన లేమి’ అని వచ్చింది. ప్రసన్నక్క కూడా వేలాడిపోయిన ఆకుల ఫోటోయే పెట్టి ‘ఎమ్మెస్సీ’ అన్నచోట నొక్కితే, ‘వాతావరణ ప్రభావం. తల్లికి అభినందనలు’ అని వచ్చింది. ఇద్దరం ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం.

“రెండూ ఒక్క ఎండలోనే ఉన్నాయి కదే” అన్నారు అక్క.

ఆ సాయంత్రం బడి వాట్సాప్ గ్రూపులో ‘బి-సెక్షనుకు పరిశీలనలో ఉన్నవారు’ అంటూ మా కావ్య పేరు ఎర్రరంగులో వచ్చింది. (పరీక్షలో ఎవరికెంత వచ్చిందో గోప్యంగా ఉంచుతామని చేర్చుకునేటప్పుడు చెప్పేరు. ఇది పరీక్ష కాదు, ఆకు.)

నేను కంచం ముందు కూచుని లేచిపోవడం చూసి మా అత్తయ్యగారు రత్నం గారు రంగంలోకి దిగేరు. అంబాజీపేట వైపు మా దొడ్డిలో కొబ్బరిచెట్లన్నీ ఆవిడ చేతిమీద లేచినవే. డీలాపడిన కొబ్బరిమొక్కకి ఆవిడ దగ్గర ఒక్కటే మందు, మొదలు దగ్గర గుప్పెడు కల్లుప్పు. నేను పాపని బడి బస్సెక్కించి వచ్చేలోగా హైడ్రాంజియాకి ఆ వైద్యం జరిగిపోయింది. గుప్పెడు చాలదేమోనని దోసెడు వేసేరు.

“ఉప్పేసేరా అత్తయ్యగారూ?”

“ఆయ్, వేసేనమ్మా. ఒక వాన పడనీ, గెల దింపుకుందువుగాని.”

ఆకుల అంచులు ఎక్కువ కాలిన అప్పడంలా చుట్టూ మాడిపోయేయి. ఈసారి యాప్ నా చదువు జోలికి వెళ్ళలేదు, సంసారంలోకి వచ్చింది. ‘అంచులు మాడుట. కారణం: గృహ వాతావరణంలో ఉద్రిక్తత. తల్లి కౌన్సెలింగుకు హాజరు కావలెను.’

హాజరయ్యేను. మాధవీలత మేడం గారు చల్లటి గదిలో కూచోబెట్టి మంచినీళ్ళిచ్చేరు.

“మీకూ అత్తగారికీ పడదా అమ్మా?”

“పడుతుందండి. ఉప్పు దగ్గరే కొంచెం.”

ఆవిడ కంప్యూటర్లో ‘ఆహార విభేదాలు’ అని కొట్టుకున్నారు. ఒకసారి వచ్చి మొక్కని చూడండి మేడం అని బతిమాలేను. మొక్కలు తన పరిధిలోకి రావనీ, తను ఆకులు మాత్రమే చూస్తాననీ, అవీ ఫోటోలోనేననీ చెప్పేరు. పోనీ పాపని ఏదైనా అడిగి చూడండి, అక్షరాలన్నీ గడగడా చెప్పేస్తుంది అన్నాను.

“పిల్లని అడిగితే పక్షపాతం వస్తుందమ్మా” అన్నారావిడ. “ఆకయితే అబద్ధం చెప్పదు.”

ఇంటికొచ్చేక ప్రసన్నక్కా నేనూ కుండీ అడుగు కన్నం తెరిచి, వాననీళ్ళు ధారగా పోసి మట్టిలో ఉప్పంతా కారిపోయేదాకా కడిగేం. అత్తయ్యగారు బిందెలు అందించేరు. అయినా ఉన్న ఆకులు ఉన్నట్టు రాలిపోయేయి. ఆఖరి ఫోటో పెట్టాల్సిన మధ్యాహ్నానికి కుండీలో మిగిలినవి పుల్లలు. నా కూతురు రేకుల షెడ్డుకి వెళ్ళిపోయిందని నిశ్చయించుకుని, పమిటతో కళ్ళు తుడుచుకుంటూ ఆ పుల్లలకే ఫోటో తీసి పెట్టేను.

యాప్ గుండ్రంగా తిరిగింది. చాలాసేపు తిరిగింది. తర్వాత పూలూ చప్పట్లూ వచ్చేయి. ‘సమస్య ఉన్న ఆకులు: లేవు. మాతృ శ్రద్ధ: నూటికి నూరు.’

ప్రసన్నక్క మొక్క అప్పటికి గుబురుగా పెరిగి, నీలంగా ఒక పువ్వు గుత్తి కూడా వేసింది. అన్ని ఆకుల్లో ఒక ఆకుమీద గోధుమ మచ్చ ఉంది. ‘సమస్య ఉన్న ఆకులు: ఉన్నవి.’ ఎమ్మెస్సీ వారికిచ్చే వాతావరణ రాయితీ ఆఖరి వారానికి వర్తించదుట, సెక్షను తేలేది మాత్రం ఆ వారం మార్కుతోనేట. వాళ్ళబ్బాయి బి-సెక్షనుకి వెళ్ళేడు. మా కావ్య మేడెక్కింది.

తల్లుల సభలో నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పేరు. నేను ఎంతవరకు చదువుకున్నానో మైకులో అడిగేరు, చెప్పేను, నా అంత చదువుతోనే ఇది సాధ్యమైతే మిగతావారికి ఏం అడ్డమని మేడం గారు సభని అడిగేరు. రహస్యం చెప్పమన్నారు. ఉన్నదున్నట్టు “ఉప్పండి” అన్నాను. తల్లులందరూ ఫోన్లలో రాసుకున్నారు. మొక్క బతికుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. మర్నాడు మా వీధి కిరాణా కొట్లో కల్లుప్పు దొరకలేదు.

ఆ సభలోనే కొత్త సర్క్యులర్ చదివేరు. వచ్చిన మార్కుని యూకేజీ అయ్యేదాకా నిలబెట్టుకోవాలి. ఒక్క వారం తగ్గినా బిడ్డ మేడ దిగాలి.

నిన్న ఆదివారం. పొద్దున్నే కావ్య అరుగుమీంచి పిలిచింది.

“అమ్మా, మన మొక్కకి ఆకొచ్చింది.”

వచ్చింది. మేం ఉప్పు కడిగింది వృథా పోలేదు. చచ్చిందనుకున్న పుల్ల చివర లేత చిగురు, రెండాకులు ఇంకా పూర్తిగా విప్పుకోలేదు. ప్రసన్నక్క పిట్టగోడ అవతలినుంచి చూసి, వాళ్ళబ్బాయి సంగతి మర్చిపోయి మరీ సంతోషించేరు. అత్తయ్యగారు ఉప్పు మహత్యమన్నారు. నేనూ సంతోషించేను. పన్నెండయ్యేదాకా.

పన్నెండింటికి యాప్ తెరుచుకుంది. చిగురు గోటితో గిల్లేసి ఫోటో పెట్టేను. నూటికి నూరు. కావ్య నా చేతిలో ఉన్న చిగురువంక చూసింది గానీ ఎందుకని అడగలేదు. ఎ-సెక్షను పిల్ల కదండీ, చెప్పకుండానే నేర్చేసుకుంటుంది.