టైలరమ్మ సంతకం కుదిరిన వైనం

మనిషికి ప్రాణం ఒక్కసారే పోతుంది గాని, సంతకం రోజుకు పదిసార్లయినా పోగలదని లోకంలో మొట్టమొదట గ్రహించిన ఘనత సంతకాల రక్షణ విభాగానిదే. అందుకే ఆరోగ్య పథకంలో ఏ మందు కావాలన్నా ముందు ఆ విభాగం చూపు పడాలి. (డాక్టరు చూపు తరువాత పడినా ఫరవాలేదు.)

టైలరమ్మకు కావలసింది ఒక ఇంజెక్షన్. ముప్పై ఏళ్ళుగా చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టిన వేళ్ళు ఆరు నెలలుగా పొద్దున లేస్తూనే మొరాయిస్తున్నాయి. కణుపులు ఉబ్బిపోయి, సూది పట్టబోతే ప్రాణం జివ్వుమంటోంది.

"మన ఒంట్లో కాపలా కణాలుంటాయమ్మా. దొంగ పడ్డాడని అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లనే సైటోకైన్లంటాం," అంది డాక్టరమ్మ.

"నా ఒంట్లో పడ్డ దొంగెవరండీ?"

"ఎవడూ లేడు. ఒకటి అరిస్తే పది అరుస్తున్నాయి. అన్నీ కలిసి మీ కీళ్ళనే పట్టుకుని చితకబాదుతున్నాయి. ఈ ఇంజెక్షన్ ఆ కబురును దారిలోనే ఆపేస్తుంది. ఆలస్యం చేశారో, వేళ్ళు వంకరపోతాయి. ఇక తిన్నగా రావు."

"అయ్యో, సొంతవాళ్ళనే గుర్తుపట్టకపోతే ఎలాగండీ!" అని నొచ్చుకుంటూ టైలరమ్మ దరఖాస్తు మీద సంతకం పెట్టింది. ఉబ్బిన వేళ్ళతో పెట్టడం వల్ల అది దారం చిక్కుపడినట్టు వచ్చింది.

విభాగంలో ఒకటో టేబుల్ వారు దాన్ని పాత సంతకం పక్కన పెట్టి చూసి "పోలిక లేదు" అని రాశారు. రెండో టేబుల్ వారు సంతకం చూడలేదు (అది వారి పని కాదు). ఒకటో టేబుల్ రాత చూసి "అనుమానాస్పదం" అన్నారు. అది చూసి హడలిపోయిన మూడో టేబుల్ "ఫోర్జరీ" అంది. ఇంతమంది ఊరికే అంటారా అనుకున్న నాలుగో టేబుల్ "ముఠా" అని తేల్చి, తనిఖీకి పదకొండు మందిని తోలింది. వాళ్ళు కుట్టుమిషను తిరగేసి, కత్తెర స్వాధీనం చేసుకుని, దొంగ దొరకలేదన్న కారణంతో మరో ఇరవై మందిని పిలిపించారు. డాక్టరమ్మ మూడు ఉత్తరాలు రాసింది. ఆమెను ముఠాలో రెండో సభ్యురాలిగా నమోదు చేశారు.

టైలరమ్మ పోలికల అధికారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన మంచివాడు. కుర్చీ వేయించాడు.

"మీరు మీరేనని నాకూ తెలుసమ్మా. నాకు తెలిస్తే సరిపోదు. ఎవరో మీ పేరుతో మందు కాజేయాలని చూస్తున్నారు. మీ మీద ఈగ వాలనివ్వం."

"ఆ ఎవరో నేనే బాబూ! మందు పడితే వాపు తగ్గుతుంది, వాపు తగ్గితే సంతకం కుదురుతుంది."

"అయితే సంతకం కుదిరాక రండి, మందిస్తాం."

"మీ ఇల్లు బంగారం గాను! నా చేతులు పోతాయయ్యా!"

ఆ మాట కూడా రాసుకుని, కింద సంతకం పెట్టమన్నారు. అదీ కలవలేదు.

చివరికి ఆయనే జాలిపడి ఒక నిబంధన వెతికిపెట్టాడు. వరుసగా తొంభై రోజులు వచ్చి ఒకేలా సంతకం పెడితే దాన్నే కొత్త సంతకంగా గుర్తిస్తారట. టైలరమ్మ రోజూ వెళ్ళేది. రోజు మారితే వాపు మారేది, వాపు మారితే సంతకం మారేది, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేది.

ఏడాది తిరిగేసరికి ఆమె కుడిచేతి వేళ్ళు వంకరపోయి, ఆ వంకరలోనే బిగిసిపోయాయి. అప్పటినుంచి సంతకం ప్రతిరోజూ అచ్చు గుద్దినట్టు ఒకేలా పడింది. తొంభయ్యో నాడు నాలుగు టేబుళ్ళ వారూ లేచి చప్పట్లు కొట్టారు. కత్తెర తిరిగి ఇచ్చారు. అందులో ఆమె బొటనవేలు దూరలేదు.

"మిగతా కీళ్ళయినా దక్కుతాయిలే," అని కళ్ళు తుడుచుకుంటూ మంజూరు కాగితం అందుకుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: మందు వాడాక సంతకంలో ఏమాత్రం మెరుగు కనిపించినా మంజూరు రద్దవుతుంది.

"ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండమ్మా," అన్నాడు పోలికల అధికారి.

టైలరమ్మ పెట్టింది. కలిసింది.