డేవిడ్ సార్ చూపించిన గ్రౌండ్

గురువారం పొద్దున డేవిడ్ వేసుకున్న కార్యక్రమంలో తికమక ఏమీ లేదు. పది గంటలకు జట్టును కామారెడ్డి బస్సెక్కించాలి. మూడు గంటలకు, ఇంతవరకూ ఎప్పుడూ తలపడని అక్కడి కాలేజీతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడించాలి. గెలిచి, చీకటి పడేలోగా ఎల్లారెడ్డికి తిరిగి రావాలి. ఇందులో గెలవడం ఒక్కటే రెండేళ్లుగా జరగని పని. అతను కోచ్‌గా ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ జట్టు వరసగా పదకొండు మ్యాచ్‌లు ఓడింది.

"ఇయ్యాల కొడుతున్నం," అన్నాడు ఇస్త్రీ చేసిన ట్రాక్ సూట్ తొడుక్కుంటూ.

"పోయినసారి గూడ గిదే అన్నవు," అంది భార్య రూత్. ఆమె దవాఖానలో నర్సు.

"పోయినసారి నాలుగు గోల్స్‌తోని ఓడినం. అంతకుముందు ఆరు. తగ్గుతలేదా?"

రూత్ నవ్వలేదు. డేవిడ్ కంటే ముందు ఆ కాలేజీలో ముగ్గురు కోచ్‌లు మారారు. అతని ఉద్యోగం కూడా ఏడాదికొకసారి రాసిచ్చే కాగితం మీదే నడుస్తోంది. ఆ కాగితం రాకపోతే మళ్లీ దుబాయి పోవాల్సిందే. పాప పుట్టినప్పుడు అతను అక్కడే ఉన్నాడు. మొదటిసారి ఎత్తుకునేసరికి దానికి నడక వచ్చేసింది. ఇంకోసారి అలాంటిది వద్దని రూత్ కోరిక.

అంతలో ప్రిన్సిపాల్ భూపాల్ నుంచి ఫోన్‌లో సందేశం వచ్చింది. "ఎనిమిదిన్నర బస్సుకు కామారెడ్డి నుంచి దేవరాజ్ సార్ వస్తున్నారు. గ్రౌండు, టీము, సామాను అన్నీ చూపించు." వచ్చేది ఎవరో, ఎందుకో రాయలేదు. భూపాల్‌కు చేదు మాట మొహం మీద చెప్పే అలవాటు లేదు. వెనకటి కోచ్‌లు ముగ్గురూ తమ ఉద్యోగం పోయిన సంగతి నోటీసు బోర్డు చూసి తెలుసుకున్నవాళ్లే.

డేవిడ్‌కు మాత్రం సందేహం రాలేదు. గ్రౌండు బాగుచేయించమని రెండు నెలల కిందట అతను యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాడు. వచ్చేది తనిఖీకే! వెంటనే కెప్టెన్ సిద్దార్థకు ఫోన్ చేశాడు.

"యూనివర్సిటీ సార్ వస్తున్నడు. గ్రౌండ్ ఎంత ఖరాబ్‌గ కనిపిస్తే మనకు అంత పెద్ద శాంక్షన్ అయితది. సమజైందా?"

"ఎంత ఖరాబ్ జెయ్యాలె సార్?"

"నీ ఇష్టం."

కోచ్ చెప్పినదాన్ని ఆ జట్టు పొల్లుపోకుండా పాటించడం అదే మొదటిసారి. అరగంటలో నెట్లు విప్పేశారు. సున్నం గీతలు కాళ్లతో చెరిపేశారు. కొత్త బంతులను లైబ్రరీ బీరువాలో దాచారు. రోడ్డున పోతున్న పోచన్నను బతిమాలి, అతని మేకల మందను గ్రౌండులోకి మళ్లించారు. గోల్‌పోస్టు నిటారుగా ఉండడం అనుమానంగా తోచి, దాని మొదట్లో బిగించిన రాళ్లు కూడా పీకేశారు. గోల్‌కీపర్ బాలమల్లు తన వంతుగా కుంటడం మొదలుపెట్టాడు.

బస్టాండులో దిగిన దేవరాజ్ మితభాషి. చంకలో ఫైలు పెట్టుకుని డేవిడ్ బండెక్కాడు. "అన్నీ చూపియ్యుండ్రి. ఏదీ దాచొద్దు," అన్నాడు.

"దాచే మనిషిని కాదు సార్."

దేవరాజ్ వచ్చింది తనిఖీకి కాదు, డేవిడ్ స్థానంలో కోచ్‌గా చేరడానికి. ఎప్పుడు తీసేస్తారో తెలియని కామారెడ్డి ఉద్యోగాన్ని తనే ముందుగా వదిలేసి, రాజీనామా కాగితం ఆ పొద్దునే అక్కడి బల్ల మీద పెట్టి వచ్చాడు. పాత కోచ్ సంతోషంగా తప్పుకుంటున్నాడని, దగ్గరుండి అన్నీ అప్పగిస్తాడని భూపాల్ అతనికి చెప్పాడు.

గేటు దాటగానే దేవరాజ్ ఆగిపోయాడు. "ఇది గ్రౌండా?"

"వానాకాలంల చూడాలె సార్. పెనాల్టీ కొట్టే జాగల బర్రెలు పండుకుంటయి."

"నెట్లు ఏవి?"

"ఉంటే గద సార్!"

"ఆ పిలగాడు ఏంది, కుంటుతుండు?"

"మా గోల్‌కీపర్. వీడే నయం. మిగతావాళ్లను చూస్తే ఏడుస్తరు మీరు."

దేవరాజ్ మొహం వాడుతున్నకొద్దీ డేవిడ్‌కు హుషారు పెరిగింది. అతని ఊహలో నెట్లు వచ్చేశాయి, చుట్టూ గ్యాలరీ కూడా లేస్తోంది. దేవరాజ్ ఎదురుగా పడి ఉన్న పాత బంతిని కసిదీరా తన్నాడు. బంతి గోల్‌పోస్టుకు తగిలింది. గోల్‌పోస్టు ఒక్క క్షణం ఆలోచించి, నేలకొరిగింది. ఆ చప్పుడుకు మేకలన్నీ ఒక్కసారిగా దేవరాజ్ మీదికే పరుగెత్తాయి. తప్పుకోబోయి అతను పడ్డాడు. లేచేసరికి చీలమండ బూరెలా పొంగింది.

దవాఖానలో కట్టు కట్టి రూత్ చీటీ తీసింది. "ఏం పని జేస్తరు సార్?"

"ఫుట్‌బాల్ కోచ్‌ను."

"ఎక్కడ?"

"నిన్నటిదాక కామారెడ్డిల. ఇయ్యాల్టి నుంచి ఇక్కడనే." దేవరాజ్ డేవిడ్ వైపు చెయ్యి చూపాడు. "ఈ సార్ జాగల."

రూత్ కలం ఆగిపోయింది. డేవిడ్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. "నన్ను తీసేసిన్రా?"

"మీకు చెప్పలేదా?" దేవరాజ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి. నేను చేరుతలేను. ఆ గ్రౌండ్ల మనిషి ఆడతడా?"

"గ్రౌండ్ గంత ఖరాబ్ లేదు సార్," అన్నాడు డేవిడ్ రోషంగా. "నెట్లున్నయి. కొత్త బంతులున్నయి. పిలగాండ్లు గూడ మంచోళ్లు."

దేవరాజ్ అతని వైపు జాలిగా చూశాడు తప్ప ఒక్క ముక్కా నమ్మలేదు.

ఇంతలో భూపాల్ పరుగున వచ్చాడు. పరాయి ఊరు వెళ్లే జట్టును కోచ్ సంతకం లేకుంటే ఆడనివ్వరు. కొత్త కోచ్ చేరనంటున్నాడు, చేరినా నిలబడలేడు. ప్రిన్సిపాల్ గోడకు చెబుతున్నట్టుగా అన్నాడు. "డేవిడ్, సాయంత్రం దాక నువ్వే కోచ్‌వు."

"తీసేసినోని సంతకం చెల్లుతదా సార్?"

భూపాల్ గోడను ఇంకాస్త శ్రద్ధగా చూశాడు. మాట్లాడింది రూత్. "పో. పిలగాండ్లు బస్టాండ్‌ల ఎదురుచూస్తుంటరు."

బస్సులో డేవిడ్ ఎప్పుడూ ఊపిరాడకుండా సలహాలు ఇచ్చేవాడు. ఆ రోజు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తాడ్వాయి దాటాక లేచి, "ఎవనికి ఎక్కడ ఆడబుద్ధయితే అక్కడ ఆడుండ్రి. నేను లొల్లి పెట్టను," అన్నాడు. కుర్రాళ్లు ముందు భయపడ్డారు, తరువాత చాలా సంతోషించారు.

కామారెడ్డి జట్టు బలమైనదే. కానీ దేవరాజ్ సైగ చేయందే వాళ్లకు కాలు కదిలే అలవాటు లేదు. గీత పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ మొదటి సగమంతా గడిపారు. రెండో సగంలో వాళ్లకు పెనాల్టీ దొరికింది. ఎవరు కొట్టాలని ముగ్గురు పోట్లాడుకున్నారు. చివరికి గెలిచినవాడు గోల్‌కీపర్ కుంటి కాలు వైపు బంతి కొట్టాడు. కుంటడం ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక బాలమల్లు ఇంకా కుంటుతూనే ఉన్నాడు. బంతి వచ్చిన క్షణాన మాత్రం చిరుతలా దూకి పట్టేశాడు. అవతలివాళ్లు ఆ ఆశ్చర్యంలో ఉండగానే సిద్దార్థ బంతితో దౌడు తీసి గోల్ కొట్టాడు. ఒకటి, సున్నా. ఈల మోగాక గెలిచినవాళ్లు ఏం చేయాలో తెలియక కాసేపు ఊరికే నిలబడ్డారు.

కామారెడ్డి కాలేజీ కార్యదర్శి నేరుగా డేవిడ్ దగ్గరికి వచ్చాడు. "మా దగ్గరికి వస్తవా? మా కోచ్ ఎల్లిపోయిండు. రెండేండ్లకు ఆర్డర్ ఇస్త."

మ్యాచ్ చూడడానికి కారులో వెంట వచ్చిన భూపాల్ మధ్యలో దూరాడు. "మా కోచ్‌ను ఎట్ల అడుగుతరు సార్?"

"పొద్దుగాల తీసేసిన్రంట గదా!"

"ఎవరన్నరు? మూడేండ్లు ఇస్తున్నం ఈయనకు!"

డేవిడ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కాగితం మీద రాయుండ్రి సార్," అన్నాడు. భూపాల్ మ్యాచ్ పత్రం వెనక అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. ఆ రాతను డేవిడ్ ఫొటో తీసి రూత్‌కు పంపాడు. జవాబుగా ఆమె పాప నవ్వుతున్న ఫొటో పంపింది.

మరునాడు కామారెడ్డి వాళ్లు దేవరాజ్‌ను బతిమాలి వెనక్కి పిలిపించుకున్నారు. తరువాతి మ్యాచ్‌లో డేవిడ్ జట్టు ఐదు గోల్స్ తేడాతో ఓడింది. ఆర్డరులో గెలవాలని ఎక్కడా రాసి లేదు.