ఇరవై అడుగులు ఎటు

కాలవ పొంగి తొండియార్‌పేట గుడిసెల్లోకి మోకాటిలోతు నీళ్లు వచ్చిన వరదకు మరుసటి ఏడు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి కూడా ఏడాదయింది. ఆ పొద్దున మునిస్వామికి ఒకటే పని. గుడిసె జరపాలి.

కాలవ ఆఫీసు కాగితంలో అలా ఉంది. మధ్యాహ్నం లోపల గుడిసెను ఇరవై అడుగులు జరపాలి, లేకుంటే పీకేస్తారు. ఎటు జరపాలో కాగితం చెప్పలేదు. మునిస్వామి అడగలేదు. హార్బరులో మూటలు మోసే మనిషి. ఇన్ని మూటలు అంటే ఇన్ని మూటలు.

ఆ పేటలో గుడిసె జరపడమంటే విప్పడం కాదు. చుట్టూ దడి ఊడదీసి, ఎనిమిది మంది లోపల దూరి, గుంజలతో సహా కప్పును భుజాల మీదికి ఎత్తుకుంటారు. కప్పు తాటాకు కిందిదాకా వేలాడుతుంటుంది కాబట్టి లోపలివాళ్లకు తమ కాళ్లు తప్ప ఏమీ కనిపించవు. బయట ఒకడు అడుగులు లెక్కపెడుతూ దారి చెప్పాలి. ఆ ఒకడు మునిస్వామి.

కాలవగట్టు వెంట దక్షిణంగా నేల చదునుగా ఉంది. అటే నడిపించాడు. ఇరవై అడుగులు. దించబోతుండగా గొడుగుతో అనంతరామయ్య వచ్చాడు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే అయ్యవారు. కాలవ ఇందాక ఎంత దగ్గరో ఇప్పుడూ అంతే దగ్గరని చూపించాడు. తరువాత సదిశ అన్నాడు, అదిశ అన్నాడు. బియ్యం ఎంతో చెబితే చాలునట, దానికి దిక్కుతో పని లేదట. జరగడం అలా కాదట. ఎంతో చెప్పాలి, ఎటో కూడా చెప్పాలి.

కప్పు లోపలి నుంచి మాదయ్య గొంతు వచ్చింది. "బియ్యం సంగతి తరవాత సార్. బుజం పోతుండాది. ఎటు?"

"సముద్రం పక్కకి," అన్నాడు అయ్యవారు, గొడుగు తూర్పుకు చాచి.

తూర్పుగా ఇరవై అడుగులు పోయారు. కాలవకు దూరమైతే అయింది. కానీ గుడిసె పోయి పొరుగున ఉండే అంజలై వాకిటికి అడ్డంగా నిలిచింది. వంట చేసుకుంటున్న అంజలైకి పట్టపగలే చీకటి పడింది. ఆమె ఆకు పక్కకు నెట్టి తల బయటపెట్టింది.

"ఏం తంబీ, నేను ఇంక నీ ఇంట్లోనించే బయటికి పోవాల్నా?"

మునిస్వామి తడబడి ఉత్తరానికి తిప్పాడు. ఇరవై అడుగులు. అక్కడ వీధి కొళాయి. బిందెలతో వరసలో ఉన్న ఆడవాళ్లు, కొళాయి వీడి ఇంట్లోకి పోతోందని ఒక్కసారిగా లేచారు. అయ్యవారికి బడి వేళ దాటిపోయింది. అయినా కదల్లేదు. గొడుగు ఎటు తిప్పితే అటు ఎవరో ఒకరు ఉన్నారు. ఖాళీగా కనిపించింది పడమర ఒక్కటే. మునిస్వామి పడమర అన్నాడు. ఇరవై అడుగులు లెక్కపెట్టి దించమన్నాడు. నాలుగు గుంజలూ నేలలోకి జర్రున దిగాయి.

మాదయ్య చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చి గుంజల మొదళ్లు చూశాడు. "గుంతలు ముందే తవ్వి పెట్టినావేన్నా. మంచి పని."

మునిస్వామి గుంతల్ని చూశాడు. కాలవను చూశాడు. పొద్దున వదిలిపోయిన పొయ్యిరాళ్లు కప్పు కింద ఎక్కడివక్కడే ఉన్నాయి. అయ్యవారు మెల్లగా గొడుగు ముడిచాడు. ఎనిమిది మందిలో ఒక్కడికీ మళ్లీ ఎత్తే ఓపిక లేదు. ఫ్యాక్టరీ పన్నెండు గంటల కూత కూసింది.

అదే సమయానికి కాలవ ఆఫీసు ఓవర్సీరు కోదండరాం సైకిలు దిగాడు. ఆ పేటకు కొత్తగా వచ్చినవాడు. ఆ గుడిసెను అంతకు ముందు చూడలేదు. ఎన్ని అడుగులు జరిపారని అడిగాడు. మోసినవాడు కాబట్టి మాదయ్య చెప్పాడు, ఎనభై అని. ఓవర్సీరు నమ్మలేక, చదువుకున్న సాక్షి కదా అని అయ్యవారి వైపు తిరిగాడు. అయ్యవారు మునిస్వామి మొహం చూశాడు, నేల చూశాడు. అబద్ధం ఆడే అలవాటు ఆయనకు లేదు.

"నడిచింది ఎనభై అడుగులే. దిక్కులు కలిపి చూస్తే జరిగింది సున్న."

కోదండరాం కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దిక్కుకు ఈడ గడి లేదు సార్. అడుగులకే ఉండాది."

ఎనభై అని రాసుకున్నాడు. అడిగినదానికి నాలుగింతలు జరిపిన మనిషిని తన ఉద్యోగంలో చూడలేదని మునిస్వామిని మెచ్చుకుని సైకిలెక్కాడు.

మరునాడు పొద్దున మునిస్వామి ఎప్పటిలాగే గుమ్మంలోనే కూర్చుని, కాలవలో కాళ్లు కడుక్కున్నాడు.