మట్టయ్య ఎడ్లు మంత్రిగారి టూర్‌లో ఉన్నాయి

“వచ్చే శుక్రవారం నుంచి మన నియోజకవర్గం చమురు మీద ఆధారపడదు!” అని మంత్రి గజేందర్ గారు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు ప్రకటించారు. మంగళవారమే ప్రకటించారు కాబట్టి, సామాను సర్దుకుని వెళ్లడానికి చమురుకు మూడు రోజుల గడువిచ్చినట్టే. ఎంతైనా ఆయనది జాలిగుండె.

తెలంగాణ కోసం రాజీనామా ఎప్పుడు చేస్తారని జనం ఆయన్ని రోజూ నిలదీస్తున్న రోజులవి. ఇంకే ప్రశ్న అడిగినా ఆయనకు ప్రాణం లేచొచ్చేది. పెట్రోలు లీటరుకు ఒక్కసారే ఐదు రూపాయలు పెరిగేసరికి ఆ ఇంకో ప్రశ్న దొరికింది. ఇలాంటి ప్రశ్నలు ఆయనకు కొత్త కాదు. మూడేళ్ల కిందట కానుగ మొక్కలు నాటి, వాటి గింజల్లోంచి డీజిలు పిండుతానన్నారు. మొక్కల్ని మేకలు తినేశాయి. ఆ మేకలు మైలేజీ ఎంతిస్తున్నాయో మాత్రం ఎవరూ లెక్క తీయలేదు.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీల షాపుంది. మాది తెనాలి దగ్గర. ఇరవయ్యేళ్లుగా ఇక్కడి నాయకుల ముఖాలకు నిగ్గు తెస్తున్నాను. ఆ విషయంలో నాకు పార్టీ భేదం గానీ ప్రాంతీయ భేదం గానీ లేవు.

బుధవారం పొద్దున మంత్రిగారి పీఏ శ్రీరామమూర్తి ఒక ముసలాయన్ని వెంటబెట్టుకుని షాపులోకొచ్చారు.

“ఈయన మట్టయ్య గారండి, అల్మాస్‌గూడ. నియోజకవర్గం మొత్తం మీద చమురు చుక్క ముట్టని మనిషి ఈయనొక్కడే దొరికాడు. శుక్రవారం మంత్రిగారు ఈయన ఎడ్లబండి మీద ఇక్కణ్ణించి ఎల్బీనగర్ వెళతారు. మంచి ఫొటో ఒకటి తీయండి.”

మట్టయ్యకు ఫొటో గొడవ పట్టలేదు. “ఒక్క దినమే గద సారూ? మిరుగం కార్తె వాన వడ్డది. రెండెకరాల్ల జొన్న ఎయ్యాలె. మా ఊరంత ప్లాట్లయిపాయె, దున్నెటందుకు నాయొక్క జత ఎడ్లే మిగిలినయి. మిరుగం దాటితే ఇత్తనం ఏసి లాభం లేదు.”

“ఒక్క దినం కూడా కాదండి, ఒక్క పూట!” అన్నారు శ్రీరామమూర్తి.

ఫ్లెక్సీ బాగా కుదిరింది. మంత్రిగారి ముఖం ఆరడుగులు, ఎడ్లు మూడడుగులు, మట్టయ్య జానెడు. కింద ‘మన మట్టయ్య: చమురు వాడకం జీరో’ అని ఎర్రక్షరాలు. ప్రజల్లో చైతన్యం రావాలని ప్రతి పెట్రోలు బంకులోనూ ఒకటి కట్టించారు.

శుక్రవారం ఎడ్లనూ బండినీ అల్మాస్‌గూడ నుంచి డీసీఎం వ్యానులో తెచ్చారు. నడిపించి తేవచ్చు కదా అని నోరుజారాను.

“ఎడ్లు అలిసిపోతే మన మెసేజ్ అలిసిపోతుందండి,” అన్నారు శ్రీరామమూర్తి. నిజమే, నాకు తట్టలేదు.

మంత్రిగారు బండెక్కారు. ఆయన వెనకే పద్నాలుగు కార్లు, ఎడ్ల నడకకు తగ్గట్టు మొదటి గేరులో, ఏసీలు వేసుకుని, ఎంతో క్రమశిక్షణతో కదిలాయి. చమురును తరిమేటప్పుడు దాన్ని దగ్గరుండి సాగనంపడం మర్యాద.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గర ఎడ్లు ఆగిపోయాయి. మామిడి సీజను కదా, రోడ్డు పక్కన పారేసిన కుళ్లు పండ్లూ తొక్కలూ గుట్టగా ఉన్నాయి. రెండూ అందులో మూతులు పెట్టేశాయి. మట్టయ్య అదిలించినా కదల్లేదు.

మంత్రిగారు ఏమాత్రం తడబడకుండా మైకు అందుకున్నారు. “చూసిండ్రా! గిదే మన పెట్రోల్ బంక్! అరబ్ దేశాలతోని పని లేదు, డాలర్‌తోని పని లేదు. మట్టయ్యా, ఫుల్ ట్యాంక్ కొడితే ఎంత దూరం పోతయ్?”

“కడుపు నిండినంక యాడికీ పోవు సారూ. పండుకుంటయి,” అన్నాడు మట్టయ్య.

మంత్రిగారు మైకు ఆపించారు.

ఎలాగో ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి అక్కడ వంటావార్పు జరుగుతోంది. హైవేకి అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి, తెలంగాణ కోసం వందల మంది అక్కడే వండుకుని అక్కడే తింటున్నారు. కనుచూపు మేర లారీలూ బస్సులూ నిలిచిపోయాయి. మంత్రిగారు కనబడగానే గంటెలు వదిలేసి బండి చుట్టూ మూగారు.

“అన్నా, రాజీనామా ఎప్పుడు?”

“ముందుగాల చమురును పోగొడ్త తమ్మీ. పదవి సంగతి ఎనకమాల.”

“చమురు పోదు, పదవి పోదు!” అని ఎవరో అందుకున్నారు. వెంటనే అది నినాదమైపోయింది. “ఎడ్లకు తొవ్వ ఇస్తం. నువ్వు దిగన్నా!”

మంత్రిగారు దిగారు. ఆయన ప్రతిభ చూడాలంటే ఇలాంటప్పుడే చూడాలి. ఎవరో పెట్టిన పప్పన్నం విస్తరి చేతిలో పట్టుకుని టీవీవాళ్ల వైపు తిరిగారు. “మీరే చూడుండ్రి. మా ప్రోగ్రాం షురువై నాలుగు గంటలు కాలే, నేషనల్ హైవే మీద ఒక్క బండి కదుల్తలేదు! ప్రజలే స్వచ్ఛందంగ చమురును బంద్ చేసిండ్రు!”

అని, ఒక కానిస్టేబుల్ మోటార్ సైకిలెక్కి మన్సూరాబాద్ సందుల్లోంచి ఇంటికి వెళ్లిపోయారు.

మట్టయ్య ఎడ్లను ఊరివైపు మళ్లించబోయాడు. శ్రీరామమూర్తి పగ్గం పట్టుకున్నారు. “మంత్రిగారు ఫోన్లో చెప్పారండి. ఎడ్లు ఆయనకు బాగా నచ్చాయట. అన్ని జిల్లాల్లో ప్రోగ్రాం పెట్టమన్నారు.”

“పూట అంటిరి గద సారూ!”

“పూటే అండి. ఒక్కో జిల్లాకు ఒక్కో పూట.”

ఎడ్లూ బండీ లారీ ఎక్కాయి. మట్టయ్య ముల్లుగర్ర భుజాన వేసుకుని అల్మాస్‌గూడ నడిచి వెళ్లాడు.

వారం తర్వాత ఆయన భార్య పూలమ్మ నా షాపుకొచ్చింది. మంత్రిగారి మనుషుల్లో ఆమెకు అడ్రసు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనట. శ్రీరామమూర్తికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

“ఎడ్లు నల్లగొండ ప్రోగ్రాం ముగించుకుని కరీంనగర్ బయల్దేరాయండి. లారీలో ఫ్యాన్ కూడా పెట్టించాం.”

“వాని నోట్ల మన్ను వడ!” అంది పూలమ్మ. “మొన్న కానుగ చెట్లన్నడు, ఇయ్యాల ఎడ్లన్నడు. రేపు మమ్ములనే కడ్తడు బండికి!”

“ఆవిడ ఏమంటున్నారండి?”

“మిరుగం అయిపోవస్తోందంటున్నారు.”

“అయ్యో, ముందే చెప్పొద్దుటండీ! కలెక్టరు గారితో మాట్లాడి నాలుగు రోజులు పొడిగిద్దాం.”

పూలమ్మకు టీ తెప్పించాను. ముట్టుకోలేదు. గ్లాసు పక్కకు జరిపి, “వాన వడ్డది, ఎడ్లుంటే గీ ఏడు గింజ ఏసుకుందుము సారూ,” అని లేచిపోయింది. నాకు చాలా సిగ్గేసింది. మంత్రిగారి ముఖానికి అంత నిగ్గు తేవాల్సింది కాదనిపించింది.

ఆ ఆదివారం పేపర్లో మంత్రిగారి ప్రకటన వచ్చింది. చమురు వాడకపోవడంలో అల్మాస్‌గూడ రాష్ట్రానికే ఆదర్శమట. పక్కన ఎడ్ల ఫొటో. కొంచెం చిక్కినట్టున్నాయి గానీ పూలదండలు పెద్దవి కావడంతో సరిగ్గా తెలియలేదు.

మర్నాడు బంద్ అని, అదే రోజు సాయంత్రం ఊరంతా బంకుల మీద పడింది. నేనూ స్కూటరేసుకుని ఎల్బీనగర్ బంకులో లైన్లో నిలబడ్డాను. నా ముందు ఎవరో పెద్దాయన పది లీటర్ల ప్లాస్టిక్ క్యాను పట్టుకుని, దాన్ని ఎటు తిప్పి పట్టాలో తెలియక నిలబడ్డాడు. తిరిగితే మట్టయ్య.

“పెట్రోలా, డీజిలా?” అని అడిగింది బంకు అమ్మాయి.

“నాకేం ఎరుక బిడ్డా. ట్రాక్టర్ ఏది తాగుతదో గది పొయ్యి.” ఆ తర్వాత నన్ను చూసి, తప్పు చేసినవాడిలా నవ్వాడు. “డబ్బా నింపుకొస్తేనే దున్నుతా అన్నడు సారూ ట్రాక్టరాయన.”

ఆ అమ్మాయి డీజిలు పైపు తీసి, అందరికీ చెప్పినట్టే, “జీరో చూస్కో తాతా,” అంది.

మట్టయ్య ఎక్కడ చూడాలో తెలియక తలెత్తాడు. అక్కడ నేను చేసిన ఫ్లెక్సీ ఉంది. ఆ అమ్మాయి కూడా అటు చూసి, మళ్లీ ఈయన్ని చూసింది.

“తాతా, గా ఫొటోల ఉన్నది నువ్వే కదా?”

మట్టయ్య మళ్లీ ఫ్లెక్సీ వంక చూశాడు. మంత్రిగారిని చూడలేదు, తననూ చూసుకోలేదు.

“ఎడ్లయితే నాయే,” అన్నాడు. “పొయ్యి బిడ్డా, జల్ది పొయ్యి. మిరుగం రేపటితోని ఎల్లిపోతది.”