మస్టాంగును జాతికి అంకితం చేసిన విధానం

ప్రవాస శ్రామిక నైపుణ్య సమున్నతి మండలి చైర్మన్ గౌరవనీయులు శ్రీ ముత్యంరావు గారు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు మస్కట్ శివారు అల్ మవాలేలో ఒక అమెరికా కారును జాతికి అంకితం చేస్తారనీ, దాన్ని తయారు చేసిన తెలంగాణ ముద్దుబిడ్డ లింబాద్రిని ఘనంగా సన్మానిస్తారనీ, ఆపైన బిర్యానీ ఉంటుందనీ రూవిలోని మెస్సు గోడ మీద ప్రకటన వెలిసింది. అందులో చైర్మన్ గారి ఫొటో పెద్దది. ప్రకటన ఇచ్చిన భీమన్న ఫొటో దానికంటే కాస్త చిన్నది. కారు ఫొటో తపాలా బిళ్ళంత. లింబాద్రి ఫొటోకు చోటు చాలలేదు.

తనకు సన్మానమన్న సంగతి లింబాద్రికి మంగళవారం మధ్యాహ్నం ఫోనులో తెలిసింది. అప్పుడతను ఆ కారు కిందే వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె. పదకొండేళ్ల కిందట మస్కట్‌లో దిగాడు. లేబర్ కార్డులో అతని వృత్తి గొర్రెల కాపరి అని ఉంది. ఆ రోజున ఏజెంటు చేతికి దొరికిన వీసా అది. ఒమానులో అతను గొర్రెను చూసిందల్లా పండగలప్పుడు పళ్ళెంలోనే. వచ్చిన రెండో నెల నుంచీ అల్ మవాలేలో హిలాల్ గారి షెడ్డులో ఇంజిన్లు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. హిలాల్ చమురు కంపెనీలో రిటైరైన ఒమానీ పెద్దమనిషి. పాత అమెరికన్ కార్లంటే ఆయనకు ప్రాణం.

ఈ 1969 మస్టాంగు నిజ్వాలో ఆయన మేనమామ ఖర్జూరపు తోటలో టార్పాలిన్ కింద దొరికింది. సీట్లలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. ఇంజిన్ తుప్పుతో బిగుసుకుపోయింది. హిలాల్ వెతికి వెతికి, వెనక నుంచి లారీ గుద్దిన 2013 మోడల్ కారొకటి కొని, చెక్కుచెదరని దాని ఇంజిన్‌ను తెచ్చి లింబాద్రి ముందు పెట్టాడు. "దీన్ని అందులో పెట్టు" అన్నాడు, బియ్యం డబ్బాలో పొయ్యమన్నంత తేలిగ్గా.

కొత్త ఇంజిన్ వెడల్పు. పాత కారులో పట్టదు. ముందు చక్రాల స్ప్రింగులను మోసే ఇనప గోడలను లింబాద్రి కోసేశాడు. చక్రాల అమరికంతా మార్చాడు. కొత్త ఇంజిన్ కంప్యూటర్ చెబితే తప్ప పెట్రోలు ముట్టదు కాబట్టి దాని వైర్ల చిక్కునంతా విప్పి, అక్కర్లేనివి ఏరి, మిగతావి ఒక్కొక్కటీ గుర్తు పెట్టి కలిపాడు. మస్కట్ ఎండకు రేడియేటర్ సరిపోదని రెండింతల పెద్దది పెట్టాడు. అప్పటికి పద్నాలుగు నెలలైంది. ఆ కారును ఒక్కసారి నడపాలన్నది అతని కోరిక. కాపరి కార్డు చేత్తో పట్టుకుని డ్రైవింగు లైసెన్సు అడగడానికి మొహం చెల్లలేదు. కార్డులో వృత్తి మార్చాలంటే మెకానిక్ అని మీ సర్కారు నుంచి ఒక సర్టిఫికెట్ తెచ్చుకో, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు హిలాల్.

ఆ మాటే లింబాద్రి ఒకనాడు భీమన్నతో అన్నాడు. భీమన్న అదే జిల్లావాడు. పార్టీ గల్ఫ్ విభాగం ఒమాన్ శాఖ కన్వీనరు. శాఖలో తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మందికీ పదవులున్నాయి. ప్రజాసేవలో భీమన్నకున్న పట్టుదల గొప్పది. నెల తిరగకుండా చైర్మన్ గారినే రప్పించాడు.

మంగళవారం సాయంత్రం భీమన్న స్వయంగా షెడ్డుకు విచ్చేశాడు.

"అన్నా, కారు శుక్రవారానికి కాదే" అన్నాడు లింబాద్రి, కారు కింద నుంచి బయటికి జరిగి. "ఇంజిన్ కింది ఆయిల్ పళ్ళెం కారు అడుగు బద్దెకు తాకుతున్నది. ఇంజిన్ మల్ల బయటికి తీసిన. ఇంకో పది రోజులు పడ్తది."

భీమన్న కారు చుట్టూ తిరిగాడు. ఎర్ర రంగులో తన మొహం చూసుకుని మీసం సర్దుకున్నాడు.

"పాలిష్ అయిందా?"

"అయింది."

"సీట్లు?"

"కొత్తయి ఏసిన."

"ఇగ బాకీ ఏమున్నదే మరి?"

"ఇంజిన్, అన్నా."

"గదొక్కటే గదా" అన్నాడు భీమన్న. "చైర్మన్ సాబ్ మూడు దేశాలు నాలుగు రోజులల్ల స్టడీ చేస్తున్నడు. ఆయనకు బానెట్ లేపి చూసే టైం ఎక్కడిది? నీకు సర్టిఫికెట్ గావాల్నా, వద్దా?"

లింబాద్రి తల గోక్కున్నాడు. కావాలి.

ముందే హిలాల్‌కు చెప్పకపోతే బాగుండదని, ఆ రాత్రి ఆయన టీ తాగుతుండగా వెళ్ళి వచ్చీరాని హిందీలో విషయం విన్నవించాడు. హిలాల్ శ్రద్ధగా విన్నాడు.

"నా కారును జాతికి ఇస్తారా?"

"అవును, అర్బాబ్" అన్నాడు, గల్ఫులో యజమానిని పిలిచే పద్ధతిలో.

"ఏ జాతికి?"

లింబాద్రి ఆలోచించాడు. "తెలుగు జాతికి. కిందటేడే రెండు రాష్ట్రాలైనై. ఏ రాష్ట్రానికో రాయలేదు."

హిలాల్ కప్పు కింద పెట్టి చాలాసేపు నవ్వాడు. "మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు. ఇచ్చుకోనీ. రాత్రికి మాత్రం కారు నా షెడ్డులో ఉండాలి."

శుక్రవారం నాలుగు గంటలకు రావలసిన చైర్మన్ గారు ఆరింటికి ఐదు నిమిషాల ముందే వచ్చేశారు. వెంట పీఏ, ఫొటోగ్రాఫరు ఉన్నారు. సభకు వ్యాఖ్యాత బ్యూలా. ఖురంలో ఒక ఆసుపత్రి నర్సు, కాకినాడ వైపు అమ్మాయి. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. మైకు సరిచేస్తూ ఆవరణంతా కలియజూసి, గేటు పక్క గోడవారగా స్టాండు మీద దుప్పటి కప్పి ఉన్నదాన్ని చూసింది. దుప్పటి అంచు లేపి, దించి, లింబాద్రి దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, ఇంజిన్ అక్కడుంటే కారు ఇక్కడుందేంటండీ?"

"భీమన్న చూసుకుంటనన్నడు, అక్కా."

"ఆయనేం చూసుకుంటాడండీ? మా వార్డులో కూడా ఇలాగే ఒకాయన చూసుకుంటానన్నాడు. ఆక్సిజన్ గొట్టం తీసేసి ఫ్యాన్ పెట్టుకున్నాడు" అని, మైకులో "ఇప్పుడు గౌరవనీయులైన చైర్మన్ గారు" అని గొంతు మార్చింది.

చైర్మన్ గారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. తెలుగువాడి చెయ్యి పడని యంత్రం ప్రపంచంలో లేదన్నారు. కారు మీద చెయ్యి వేసి, దీన్ని జాతికి అంకితం చేస్తున్నానన్నారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా హిలాల్ కొట్టాడు.

"సార్ ఒక రౌండ్ కొట్టాలె" అని భీమన్న తలుపు తెరిచాడు.

చైర్మన్ గారు స్టీరింగు ముందు కూర్చున్నారు. లింబాద్రి గబగబా పక్క సీటులో ఎక్కాడు. ఇంజిన్ లేకపోతే బ్రేకు పెడలు రాయిలా ఉంటుంది. చైర్మన్ గారి మృదువైన పాదానికి అది లొంగదు. సీట్ల మధ్య తాను బిగించిన హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. షెడ్డు ముందు ఆవరణ గేటు వైపు కొంచెం వాలుగా ఉంటుంది.

భీమన్న కనుసైగ చేశాడు. అతనితో సహా శాఖ సభ్యులు తొమ్మిది మందీ కారు వెనక చేరారు. కారు కదిలింది.

చైర్మన్ గారి కళ్ళు పెద్దవయ్యాయి. "చప్పుడే లేదయ్యా."

"లేదు సార్" అన్నాడు లింబాద్రి.

"మా ఇంటి ముందు నుంచి ఏ కారు పోయినా చెవులు పగిలిపోతాయి. ఇది గదా నైపుణ్యం. పొగ?"

"రాదు సార్."

"మైలేజీ?"

లింబాద్రికి అబద్ధం రాదు. "ఇప్పటిదాంక ఒక్క చుక్క తాగలేదు సార్."

చైర్మన్ గారు అద్దం దించి పక్కన నడుస్తున్న పీఏతో "రాసుకో" అన్నారు. తరువాత వెనక చూసే అద్దంలోకి చూశారు. తొమ్మిది మంది చెమటలు కక్కుతూ కారు వెంట పరుగెత్తుతున్నారు. ఆయన లింబాద్రి వైపు తిరిగారు. "చూశావా, జనం ఎట్లా వెంటపడి వస్తున్నారో. ఇక్కడ కూడా." కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపారు. అదేదో సైగ అనుకుని వాళ్ళు ఇంకా జోరుగా తోశారు.

కారు వాలులోకి దిగింది. గేటు దగ్గరపడుతోంది. గేటు పక్కన గోడ, గోడవారగా దుప్పటి కప్పిన స్టాండు. ఇంజిన్ పైనున్న ప్లాస్టిక్ మూత దగ్గర నుంచి అడుగున ఉన్న ఆఖరి బోల్టు దాకా లింబాద్రికి కళ్ళ ముందు కనిపించింది.

"సార్, స్టీరింగ్ తిప్పుండ్రి. ఎడమకు."

చైర్మన్ గారు కుడికి తిప్పారు.

లింబాద్రి రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగాడు. కారు జారి, మూలిగి, స్టాండుకు జానెడు దూరంలో ఆగింది. వెనక నుంచి తోస్తున్నవాళ్ళు ఆగలేక డిక్కీ మీద పడ్డారు. ఫొటోగ్రాఫరు ఆ దృశ్యాన్ని జనాభిమానంగా తీశాడు.

చైర్మన్ గారు చిరునవ్వుతో దిగి, ఊతానికి స్టాండు మీద చెయ్యి వేశారు. దుప్పటి జారింది.

"ఇదేంది?"

"ఇంజిన్ సార్."

"ఏ కారుది?"

లింబాద్రి ఒకసారి భీమన్నను, ఒకసారి బ్యూలాను చూశాడు. భీమన్న ఆకాశం చూస్తున్నాడు. బ్యూలా చెప్పెయ్యండన్నట్టు తల ఊపింది.

"ఈ కారుదే సార్. ఇంకా ఎక్కియ్యలేదు. పది రోజులాగితే మీరే స్టార్ట్ చేద్దురు. అప్పుడు చూస్తే తెలుస్తది సార్, దీని చప్పుడు."

పీఏ పెన్ను మూత పెట్టాడు. చైర్మన్ గారు ఇంజిన్‌ను చూసి, కారును చూసి, అంతర్ముఖులయ్యారు. రాజకీయాల్లో ముప్పై ఏళ్ల అనుభవం ఊరికే పోదు.

"ఇంజిన్ ఎక్కడున్నదనేది టెక్నికల్ విషయం" అన్నారు చివరికి. "కారు నడిచిందా, లేదా?"

"నడిచింది సార్."

"ఎవరి వల్ల నడిచింది?"

లింబాద్రి నిజాయితీగా ఆలోచించాడు. "ఆళ్ళ తొమ్మిది మంది వల్ల, సార్."

"అదీ" అన్నారు చైర్మన్ గారు.

మండలి ముద్ర, సంతకం ముందే వేసి, పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలిన తొమ్మిది సర్టిఫికెట్లు పీఏ సంచిలో ఉన్నాయి. ప్రథమ శ్రేణి ఆటోమొబైల్ మెకానిక్ అని అచ్చు వేసి ఉంది. బ్యూలా ఒక్కొక్క పేరే పిలిచింది. మొదటి పేరు భీమన్న. బోల్టును ఏ వైపు తిప్పితే బిగుస్తుందో తెలియని భీమన్న శాలువా కప్పించుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. తొమ్మిదో సర్టిఫికెట్‌తో సంచి ఖాళీ అయింది. మీది కొరియర్‌లో పంపిస్తామని పీఏ లింబాద్రి భుజం తట్టాడు. ఆపైన బిర్యానీ నిజంగానే ఉంది, బాగుంది కూడా.

కొరియర్ రాలేదు. సభ అయిన మూడో రోజు లింబాద్రి ఆయిల్ పళ్ళెం కోసి, వెల్డింగు చేసి, ఇంజిన్ లోపలికి దించాడు. పదో రోజున తాళం తిప్పాడు. ఒక్కసారి దగ్గి, అందుకుంది. షెడ్డు రేకులు గజగజలాడాయి. పక్క దుకాణం వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. హిలాల్ వచ్చి లింబాద్రి తల మీద ముద్దు పెట్టుకున్నాడు.

కారును రిజిస్ట్రేషన్ తనిఖీకి హిలాలే తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ముసలి ఇంజనీరు బానెట్ ఎత్తి, అరగంట వంగి చూశాడు. వైర్లు కట్టిన తీరును వేలితో తడిమాడు.

"ఎవరు చేశారిది?"

"మా గొర్రెల కాపరి" అన్నాడు హిలాల్.

ఇంజనీరు లింబాద్రిని పిలిపించి, పాత కారు పెట్రోలు ట్యాంకులో కొత్త పంపు ఎలా కూర్చోబెట్టావని అడిగాడు. లింబాద్రి నేల మీద వేలితో బొమ్మ గీసి చూపించాడు. ఆయన బల్ల దగ్గరికెళ్ళి తెల్ల కాగితం మీద, ఇతను మెకానిక్కని నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టాడు. ఆ నాలుగు లైన్లతో ఆరు వారాల్లో కార్డు మారింది. రెండో ప్రయత్నంలో లైసెన్సు వచ్చింది.

ఒక శుక్రవారం పొద్దున హిలాల్ తాళాలు విసిరాడు. లింబాద్రి సముద్రం పక్క రోడ్డు మీద ఖురం దాకా నడిపాడు. సిగ్నల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ బ్యూలా చెవులు మూసుకుని, తరువాత గుర్తుపట్టి చెయ్యి ఊపింది. ఆమెను ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు. "ఇదేంటండీ బాబూ, గుండెలోంచి పోతోంది చప్పుడు" అంది. అతనికి జీవితంలో అంత మంచి సర్టిఫికెట్ మరొకటి లేదు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి భీమన్న కొత్త చొక్కాలో కూర్చుని ఉన్నాడు. చేతిలో మండలి ఉత్తర్వు ఉంది. చదవమని ఇచ్చాడు.

చైర్మన్ గారి అధ్యయన నివేదికను ఆమోదించడమైనది. ప్రముఖుల ఊరేగింపుల నిమిత్తం ఇదే నమూనాలో ఇరవై కార్లు కొనుగోలు చేయవలెను. పాలిష్ నాణ్యతలో రాజీ పడరాదు. రవాణా సౌలభ్యం దృష్ట్యా ఇంజిన్లు పంపనవసరం లేదు. కారుకు తొమ్మిది మంది చొప్పున నూట ఎనభై మెకానిక్ పోస్టులు మంజూరు చేయడమైనది. సర్టిఫికెట్ ఉన్నవారికి ప్రాధాన్యత.

లింబాద్రి రెండుసార్లు చదివి కాగితం తిరిగి ఇచ్చాడు.

"సర్కారు నౌకరీ" అన్నాడు భీమన్న, దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటూ. "మా తొమ్మిది మందిమి వచ్చే నెల పోతున్నం. నువ్వు గూడ ఒక దరఖాస్తు పెట్టరాదు తమ్మీ? నీకు అనుభవం లేదనుకో. అయినా, నేనొక మాట చెప్త."