చిగురులో దారం

దర్జీ ఆ ఉదయం మెడలో కత్తెర వేలాడదీసుకుని మరీ ఒట్టు పెట్టుకున్నాడు. పది రోజులపాటు దారం నోట్లో పెట్టడు, పంటితో తెంపడు. ముప్ఫై ఏళ్ళుగా దారాలు కొరికిన కింది పన్ను కదులుతోంది మరి. చిగురు వాచి చీము పట్టింది. నిన్న పళ్ళ డాక్టరమ్మ మందులో నానిన పసుప్పచ్చ దారం ఒకటి ఆ పన్ను చుట్టూ చిగురు లోపలికి దోపింది.

"దీనిలోని మందు ఉన్నచోటే కాస్త కాస్తగా ఊరి క్రిముల్ని చంపుతుంది. పది రోజులు కదపొద్దు. చిగురు మానకపోతే పన్ను పీకడమే," అంది.

ఆ పన్ను పోతే తను దర్జీయే కాదని అతని నమ్మకం.

"దారం నోటి దగ్గరికెళ్ళిందో, ఊరుకోను!" అని భార్య కాపలా కూర్చుంది.

అంతలో హెడ్మాస్టరు వచ్చిపడ్డాడు. ఆ పూటే ఆయన పదవీ విరమణ సభ. పసుపు రంగు కోటుకి ఇంకా ఒక గుండీ కుట్టాలి.

"కానివ్వవయ్యా, అవతల జనం వచ్చేశారు!"

దర్జీ పెదవి చివరున్న దారం లాగి, సూదికెక్కించి, గుండీ బిగించి, కత్తెరతో దర్జాగా తెంపాడు. కోటు వేసుకుని హెడ్మాస్టరు వెళ్ళిపోయాడు. అప్పుడు తట్టింది దర్జీకి.

"ఏమేవ్! ఇవాళ నేను నోట్లో దారం పెట్టనే లేదు. మరి నోట్లోంచి తీసిందేమిటే?"

భార్య టార్చిలైటు వేసి చూసింది. "అయ్యో, అక్కడేమీ కనబడట్లేదండీ!"

కత్తెర బల్లమీద పడేసి బడికి పరుగెత్తాడు దర్జీ. ఎలాగైనా ఆ దారం తేవాల్సిందే. చిగురుకి దుమ్ము తగలకుండా నోరు గట్టిగా మూసుకుని నేరుగా వేదికెక్కి, గుండీకేసి వేలు చూపించాడు. తన గుండెకేసి చూపిస్తున్నాడనుకున్నాడు హెడ్మాస్టరు.

"చూశారా, పాపం మాటే పెగలడం లేదు!" అంటూ గాఢంగా కౌగిలించుకున్నాడు.

గుండీ సరిగ్గా దర్జీ మూతికి తగిలింది. చేతులా కౌగిట్లో ఇరుక్కున్నాయి, కత్తెరా లేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? కసుక్కున కొరికాడు. సభలో ఆడా మగా కళ్ళు తుడుచుకుంటుండగా, గుండీ గుప్పిట్లో పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లగెత్తాడు.

"అమ్మా, ఊడిపోయింది. మళ్ళీ పెట్టండి!"

డాక్టరమ్మ గుప్పిట విప్పించి చూసింది. "ఇదేంటి, రెండు దారాలున్నాయి? గుండీ కుట్టింది మీ కొట్లో మామూలు దారం. ఎప్పుడో మరిచిపోయి నోట్లో పెట్టుకుని ఉంటారు. దానికి చిక్కుకుని వచ్చిన ఈ రెండోది నేను పెట్టింది. దేన్నో గట్టిగా కొరికారా?"

"మరి మా ఆవిడ లైటేసి చూస్తే కనబడలేదే!"

"చిగురు లోపల దోపింది పైకెలా కనబడుతుందయ్యా?"

దర్జీ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎలాగూ తెరిచే ఉంది కదా అని డాక్టరమ్మ కొత్త దారం దోపేసింది.

ఆ పది రోజులూ భార్య అతన్ని కుట్టుమిషను ఛాయలకు రానివ్వలేదు, పనంతా తనే చేసింది. పదో రోజు దారం తీసి డాక్టరమ్మ చిగురు నొక్కి చూసింది. వాపు లేదు, పన్ను నిలబడింది. దర్జీ పట్టరాని సంతోషంతో ఇల్లు చేరేసరికి భార్య హెడ్మాస్టరు తిరిగి పంపిన కోటుకి ఆ గుండీ కుడుతోంది.

కత్తెర ఆమె మెడలోనే వేలాడుతోంది. దారాన్ని మాత్రం పంటితో పుటుక్కున తెంపింది.