నిటారు నామ విజయము

స్వస్తి! మేరువునకు దక్షిణమున, వంగదేశమున, నిమ్‌పురా యార్డు ఇంజన్ల పొగ ఆరవేసిన పంచెలను మరల ఉతికించునంత దగ్గర, ఖరగ్‌పూర్ రైలు క్వార్టర్ల మూడవ వరుసలో, శుభకృన్నామ సంవత్సర ఆశ్వయుజ భానువారమున, పప్పులో ఇంగువ తాలింపు పడు శుభముహూర్తమున, వర్క్‌షాపు టర్నరును, ఉలిధారియు, లోహరజోభూషితుడును అగు అప్పలకొండ, స్వహస్తనిర్మిత దారుకలమును చొక్కా జేబుకు తగిలించుకొని, దిగ్విజయమునకు వెడలు చక్రవర్తివలె వసారాలో నిలిచెను. వినుడు! పనులున్నవారు ముగించుకొని వచ్చి వినుడు!

ఆ కలము సామాన్యమైనది గాదు. విరిగిన ఇరుగుడుకర్ర మంచపుకోడున పుట్టి, పొరుగింటి ఫిట్టరు నూకరాజు తాడు లాగుచుండగా కర్రను తిప్పు తరిమెనపై గిరగిర తిరిగి, లక్క పూసుకొని, మొగలిరేకుతో మెరుగెక్కి, మూడు ఆదివారములకు రూపు దాల్చెను. దాని ఒంటిపై, పక్కగీతలకు ఇత్తడి తీగయు నడిమిగీతకు రాగి తీగయు పొదిగి, సింహాచలము అప్పన్న తిరునామమును అప్పలకొండ నిలిపినాడు. బజారులో కొన్న పాళీ తప్ప తక్కినదంతయు అతని చేతి చలువయే.

ఇంత ప్రయాస ఎవరికొరకందురా? టర్నర్ల మేస్త్రి వెంకటరావుగారికొరకు. ఆ సాయంత్రము ఐదింటికి తెలుగు సంఘపు హాలులో ఆయనకు పదవీ విరమణ వీడ్కోలు సభ. ఆ మరునాడు ఆయన బండెక్కి బొబ్బిలి పోవుదురు, ఇక రారు. అప్పలకొండకు ఉలి పట్టించిన గురువు ఆయనయే. పదునేడేండ్లలో శిష్యుని పని చూచి ఒక్క మెచ్చుమాట పలికిన పాపమున పోలేదు. నేడు ఆయన నోట ఆ మాట వినకున్నచో ఇక ఈ జన్మమున వినుట కల్ల. పాపము, నలువదేండ్ల సంసారి, అందుకై మూడు వారములుగా సరిగా అన్నము తినలేదు.

అంతలో అతని ధర్మపత్ని, అక్షరాభ్యాస నవోత్సాహిని, నిరుడే సంతకము నేర్చిన చిలకమ్మ, సిరా సరిగా దిగునో లేదో చూతమని జేబులోని కలమును లాగి, మూత ఊడదీసి, క్యాలెండరు వెనుక “చి” వ్రాసి, “ల” వ్రాసి, ఆగిపోయెను.

“మావా! దేముడు తలకిందులైపోనాడేటి?”

అప్పలకొండ చూచెను. జేబులో పాళీ పైకుండును గనుక నామము నిటారుగానే ఉండెను. వ్రాయుటకై పాళీ నేలచూపు చూడగనే స్వామి శీర్షాసనము వేసెను! నుదుటి నామము వెంట్రుకవాసి వంకర పోయినచో కడిగి మరల దిద్దుకొనునట్టి వెంకటరావుగారు దీనిని చేత ముట్టుదురా?

“ఓరి నాయనోయ్!” అని ఆ వీరుడు చేతులెత్తి ఘోషించెను. “రైలింజను సక్రాలు తిప్పినోణ్ణి, దేముణ్ణి తిప్పీసినానురా! మూడు ఆదివారాలు మూడు గీతలు సూసినాను గానీ, పైనేదో కిందేదో సూసినాను కాదు!”

నూకరాజు రణనీతికోవిదుడై పలికెను. “ఏటి కాదన్నా. తీగలు పీకీసి తిరగేసి పెట్టీ.”

“అప్పుడు జేబీలో తలకిందులవడా?”

“అయితే అడ్డంగా పెట్టీ. ఠీక్ హై?”

“అప్పన్నని అడ్డంగా పడుకోబెట్టీడానికి ఆయనేటి రంగనాయకులస్వామనుకున్నావేట్రా?”

ఇట్లు మహారథులిరువురును దైవతత్త్వమును మథించుచుండగా, చిలకమ్మ చేతిలో మిగిలిన మూతను కాసేపు తిప్పి చూచెను. భర్త జేబులో నిలిపి చూచెను. కలము వెనుక ఆనించి చూచెను.

“మావా, ఈ మూత జేబీలో ఉన్నా నెత్తి పైకే. రాసినప్పుడు ఎనకాల తగిలించినా నెత్తి పైకే. దేముణ్ణి దీనిమీద పెట్టీకూడదేటి? ఎనకాల మాత్రం పట్టట్లేదు. నీ పెన్ను బాగా బలిసిపోనాది.”

ఇరువురును నోరు తెరచి ఆమెను చూచిరి. అటుపిమ్మట ఆ ఆలోచన తమకు ముందే వచ్చినట్లు తలలూపిరి. మగవారు గదా!

అంతట సంగ్రామము మొదలయ్యెను. అప్పలకొండ సూదిమొనతో తీగల నూడదీయగా, ఎవరి కాలును తగులకుండ చిలకమ్మ వానిని పసుపు రాసిన పళ్లెములో నుంచెను. నూకరాజు తాడు చేపట్టెను. కలము ఒంటిపై ఉలి వాలినంతనే ఎర్రని పొట్టు కుండపోతగా కురిసి, వసారాను, వంటింటి గడపను, నూకరాజు మీసమును ఏకవర్ణము గావించెను. కలము ఇంచుక చిక్కినంతలో తాడు పుటుక్కుమనెను; నూకరాజు విరుచుకుపడి నీళ్లతొట్టిలో ఆసీనుడయ్యెను.

“లెగు నూకరాజూ! నువ్వు కూకుంటే దేముడెలా నిలబడతాడు?” అని గర్జించి చిలకమ్మ దండెపుతాడు విప్పి యిచ్చెను. ఆ తాటితో కలము చిక్కి, మూత దాని వెనుక చక్కగా కూర్చుండెను.

మిగిలినది మూతపై నామము. మూత గోడ వడ్లగింజ మందము లేదు. ఉలి ఒక్క నలుసు ఎక్కువ దిగినచో చీలును. చీలినచో మరి ఇరుగుడు లేదు, మరి పొద్దును లేదు. అప్పలకొండ ఊపిరి బిగబట్టెను. చిలకమ్మ దగ్గు మింగెను. మూడు గాట్లు పడెను, లక్క కరిగెను, తీగలు మూడును తమ తమ స్థానముల నలంకరించెను. మూత చీలలేదు.

ఐదున్నరకు, పూలదండల నడుమ, వెంకటరావుగారు కలము నందుకొనిరి. జేబుకు పెట్టి చూచిరి: నిటారు. మూత తీసి, వెనుక తగిలించి, సంఘపు పుస్తకమున సంతకము చేసిరి: నిటారు. కళ్లజోడు పైకెత్తి, గీతల వెంట గోరు నడిపిరి. గోరు ఎక్కడను తట్టుకొనలేదు.

“పర్లేదురా,” అనిరి వెంకటరావుగారు.

“ఇంతేనా?” అని నూకరాజు తడిపంచెతో గొణిగెను.

వినుడు జనులారా! శత్రుకోటను పట్టినవారుందురు, సముద్రమును దాటినవారుందురు. కాని ఖరగ్‌పూర్ వర్క్‌షాపు చరిత్రమున వెంకటరావుగారి నోట “పర్లేదు”ను సాధించినవాడు అప్పలకొండ యొక్కడే. జయము! జయము! ఆ విజేత మాత్రము జయధ్వానము వినలేదు. హాలు మెట్లపై కూలబడి, తువ్వాలు నోట కుక్కుకొని, వెక్కి వెక్కి యేడ్చుచుండెను.